అమెరికాలో డిజేబిలిటీ హియరింగ్: ఎన్ని నెలలు ఆగాలి, జడ్జి అంకెల్ని ఎలా చదవాలి?

రెండో తిరస్కరణ ఉత్తరం వచ్చిన రోజు మా బాబాయి దాన్ని మడిచి ఫ్రిజ్ మీద పెట్టేసి, "ఇంక వదిలేద్దాంరా, వీళ్లు ఇవ్వరు" అన్నాడు. వేర్‌హౌస్‌లో బరువులెత్తీ ఎత్తీ నడుం పోగొట్టుకున్న మనిషి. చాలామంది సరిగ్గా అక్కడే ఆగిపోతారు. లెక్క చూస్తే మాత్రం ఆగకూడని చోటు అదే. జబ్బుతో పనిచేయలేనివాళ్లకు అమెరికా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సోషల్ సెక్యూరిటీ డిజేబిలిటీకి మొదటి దరఖాస్తులో దాదాపు మూడో వంతు మందికే మంజూరవుతుంది. రెండో మెట్టు రీకన్సిడరేషన్‌లో, అంటే అదే ఫైలును మళ్లీ చూడటంలో, వందకి పదిహేను మంది, కాస్త అటూ ఇటూ. మూడో మెట్టు జడ్జి ముందు హియరింగ్. అక్కడ ఇంచుమించు సగం మంది గెలుస్తున్నారు.

ముందు 60 రోజుల గడువు కాపాడుకోండి

తిరస్కరణ ఉత్తరం చేతికందిన 60 రోజుల్లోగా హియరింగ్ అడగాలి. ఉత్తరం మీదున్న తేదీకి ఐదు రోజుల తర్వాత అది మీకు చేరినట్టు లెక్కేస్తారు. ఆన్‌లైన్‌లోనే అప్పీల్ పెట్టొచ్చు. దానితోపాటు ఈమధ్య చూపించుకున్న డాక్టర్లు, మారిన మందులు, కొత్తగా వచ్చిన ఇబ్బందులు రాసే ఫారం ఒకటి ఉంటుంది. గడువు దాటిపోయి మళ్లీ కొత్త దరఖాస్తుతో మొదలుపెడితే పాత నెలల బకాయి పోయే ప్రమాదం ఉంది.

ఇక్కడో మాట. ఎస్‌ఎస్‌డీఐ అనేది జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ పన్ను కట్టినవాళ్లకు వచ్చేది, హెచ్‌1బీ మీద పనిచేసినవాళ్లు కట్టినదీ లెక్కలోకి వస్తుంది. అయితే ఉద్యోగం మానేసిన సుమారు ఐదేళ్లకు ఆ కవరేజీ చాలామందికి అయిపోతుంది. పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ఆడవాళ్లు ఈ తేదీని తప్పకుండా కనుక్కోవాలి. ఆ తేదీకి ముందే డిజేబిలిటీ మొదలైందని చూపించాల్సి వస్తుంది. ఎస్‌ఎస్‌ఐ వేరు. అది ఆదాయం, ఆస్తి చూసి ఇచ్చేది. పిల్లలు స్పాన్సర్ చేసి తెచ్చుకున్న గ్రీన్‌కార్డు అమ్మానాన్నలకు అది అంత తేలిగ్గా రాదు.

మీ ఆఫీసులో ఎన్ని నెలలు పడుతోందో చూడండి

సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో హియరింగ్‌లు, అప్పీళ్లకు సంబంధించిన భాగంలో హియరింగ్ ఆఫీసుల వారీగా సగటు నిరీక్షణ సమయం పట్టిక ఉంటుంది. మీరు దరఖాస్తు పెట్టిన ఊరి ఆఫీసూ, హియరింగ్ ఆఫీసూ ఒకటి కావు. మీ అప్పీల్ అందిందని వచ్చే ఉత్తరంలో ఏ హియరింగ్ ఆఫీసో ఉంటుంది, ఆ పేరు పట్టుకుని వెతకండి. పట్టికలో కనిపించే నెలలు హియరింగ్ జరిగే రోజు వరకే. తీర్పు రాయడానికి ఇంకో రెండు మూడు నెలలు కలుపుకోవాలి.

2017లో దేశం మొత్తం మీద సగటు 600 రోజులు దాటింది, అప్పట్లో 11 లక్షల ఫైళ్లు పేరుకుపోయాయి. ఆ తర్వాత బాగా తగ్గింది. ప్రాణాంతకమైన జబ్బు ఉన్నా, తిండికీ ఇంటికీ మందులకీ దిక్కులేని స్థితి వచ్చినా ఆ సంగతి కాగితాలతో సహా రాసి పంపితే ఫైలును ముందుకు జరుపుతారు. ఇల్లు ఖాళీ చేయమని వచ్చిన నోటీసులాంటిది జతచేయాలి. ఊరికే "కష్టాల్లో ఉన్నాం" అంటే జరగదు.

జడ్జి వరసను ఎలా చదవాలి

అదే చోట జడ్జిల పేర్లతో ఇంకో పట్టిక ఉంటుంది. మనవాళ్లు జాతకం చూసినట్టు చూసేది దీన్నే. ఒక్కో జడ్జికి డిస్పొజిషన్లు (ముగిసిన కేసులన్నీ), డెసిషన్లు (తీర్పు ఇచ్చినవి), అవార్డులు (మంజూరైనవి), డినయల్స్ (తిరస్కరించినవి) అని అంకెలుంటాయి. ఉదాహరణకు డిస్పొజిషన్లు 400, డెసిషన్లు 340, అవార్డులు 180 అనుకుందాం. 180ని 400తో భాగిస్తే 45 శాతం, 340తో భాగిస్తే 53. మరి ఏది నిజం? ఆ మధ్యలోని 60 కేసులు తీర్పు దాకా వెళ్లలేదు. మనిషి రాలేదనో, గడువు దాటిందనో, వాళ్లే వెనక్కి తీసుకున్నారనో కొట్టేసినవి. మీరు హాజరవుతారు కాబట్టి మీకు పనికొచ్చే అంకె 53. అవార్డుల్లోనూ పూర్తిగా అనుకూలం, పాక్షికంగా అనుకూలం అని రెండు రకాలుంటాయి. పాక్షికమంటే చాలావరకు మీరు చెప్పిన తేదీ కాకుండా తర్వాతి తేదీ నుంచి ఇవ్వడం. అంటే బకాయి తగ్గుతుంది.

ఇంకోటి. ఈ పట్టికలో ఏడాది లెక్క అక్టోబరుతో మొదలవుతుంది. నవంబరులో చూస్తే ఒక్కో జడ్జి పేరు పక్కన ఏ ముప్పయ్యో నలభయ్యో కేసులుంటాయి. దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. గడిచిన పూర్తి సంవత్సరం పట్టిక తీయండి.

జడ్జిల మధ్య తేడా ఉన్నమాట నిజమే. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఒకేలాంటి కేసు ఏ జడ్జి దగ్గరికి వెళ్లిందన్నదాన్నిబట్టి గెలిచే రేటు 46 శాతం పాయింట్ల దాకా మారగలదు. కానీ జడ్జిని మీరు ఎంచుకోలేరు. అదే నివేదికలో మన చేతిలో ఉన్న ముక్క ఒకటుంది: లాయరో, ఇంకెవరైనా ప్రతినిధో తోడున్నవాళ్లు లేనివాళ్లకంటే దాదాపు మూడు రెట్ల రేటుతో గెలిచారు. ఫీజు సాధారణంగా గెలిస్తేనే. బకాయిలో 25 శాతం లేదా ప్రభుత్వం పెట్టిన పరిమితి (2024 చివర్లో దాన్ని 9,200 డాలర్లు చేశారు), ఏది తక్కువైతే అది.

ఆగే నెలల్లో ఫైలు నింపండి

నా లెక్కలో అసలు పని ఇదే. పట్టికలో తొమ్మిది నెలలుంటే, డాక్టరు దగ్గర రికార్డు పెంచుకోవడానికి తొమ్మిది నెలలున్నాయన్నమాట. బాబాయి ఫైలు తెప్పించి చూస్తే మాకు తల తిరిగింది. ప్రతి విజిట్‌లోనూ "పేషెంట్ బాగానే ఉన్నానని చెప్పారు" అని ఉంది! ఎందుకంటే డాక్టరు పలకరించగానే మనం "పర్లేదండీ" అంటాం. అది మర్యాద. అక్కడ మాత్రం అది కాగితం మీద సాక్ష్యం. ఆ తర్వాత ఆయన చీటీ రాసుకుని వెళ్లేవాడు: ఇరవై నిమిషాలకు మించి కూర్చోలేను, సాక్సులు మా ఆవిడ తొడుగుతుంది, నెలలో నాలుగు రోజులు మంచం దిగలేను.

ఎంతసేపు కూర్చోగలరు, నిలబడగలరు, ఎన్ని పౌండ్లు ఎత్తగలరు అన్నది డాక్టరు చేత రాతపూర్వకంగా తీసుకోండి. 50, 55 ఏళ్లు దాటితే నియమాలు కాస్త సడలుతాయి, మీ పుట్టినరోజు ఈలోపు వస్తే లాయరుకు గుర్తుచేయండి. హియరింగ్ తేదీని కనీసం 75 రోజుల ముందు చెబుతారు. కాగితాలన్నీ ఆ తేదీకి ఐదు పనిదినాల ముందే చేరాలి, లేదా ఇంకా రావాల్సినవి ఫలానా అని రాసి తెలియజేయాలి.

హియరింగ్ రోజు

ఫోన్‌లోనో వీడియోలోనో జరగొచ్చు, ఎదురుగానూ జరగొచ్చు. మామూలుగా గంటలోపే అయిపోతుంది. తెలుగు దుబాసీని ఉచితంగా ఇస్తారు, ముందే అడగండి. ఇంగ్లీషు వచ్చినా నొప్పి గురించి చెప్పడం అమ్మభాషలోనే సులువు.

ఉద్యోగాల నిపుణుడు ఒకరు లైన్‌లో ఉంటారు. జడ్జి ఆయన్ని "ఇలాంటి పరిమితులున్న మనిషి ఏ పనైనా చేయగలడా?" అని అడుగుతారు. తర్వాత మీ లాయరు "నెలకు మూడు రోజులు రాలేకపోతే?" అని అడగాలి. జవాబు తరచుగా "అలాంటి మనిషికి ఉద్యోగం నిలవదు" అనే వస్తుంది. ఆ మూడు రోజుల మాట మీ మెడికల్ రికార్డులో ఎక్కడో ఒకచోట ఉంటేనే దానికి విలువ.

తీర్పు పోస్టులో వస్తుంది. అనుకూలంగా వస్తే ఎస్‌ఎస్‌డీఐకి మొదటి ఐదు పూర్తి నెలలు తీసేసి బకాయి లెక్కేస్తారు. డబ్బు అందడం మొదలవ్వాల్సిన నెల నుంచి రెండేళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ వస్తుంది. కాదంటే జడ్జి తీర్పును మళ్లీ చూసే పై మెట్టు అప్పీల్స్ కౌన్సిల్‌కు వెళ్లడానికి మళ్లీ అదే 60 రోజుల గడువు.