ఇంట్లో తాబేలు ఉంటే బొద్దింకలు, దోమలు, ఎలుకల్ని ఎలా వదిలించుకోవాలి

బొద్దింక కనపడగానే స్ప్రే డబ్బా తీసేముందు, ఆ మందు చివరికి ఎక్కడికి చేరుతుందో ఒక్కసారి ఆలోచించండి. వంటింట్లోనే కదా కొట్టింది, తాబేలు టబ్బు హాల్లో ఉంది కదా అనుకుంటాం, కానీ ఆ తుంపర గాల్లో తేలుతూ తేలుతూ మెల్లగా కిందకి దిగుతుంది, టబ్బు మీద మూత లేకపోతే నేరుగా నీళ్ళలోనే పడుతుంది, ఆ నీళ్ళలోనే అది ఈదుతుంది, తింటుంది, తాగుతుంది కూడా. నేల మీద తిరిగే తాబేలైతే మందు పడిన గచ్చుకి మూతి ఆనించుకునే నడుస్తుంది. అందుకే ఎవరడిగినా నేను ఒకటే చెప్తాను, పురుగుకి తిండి, తడి, దూరే సందు లేకుండా చెయ్యడమే అసలు పని, మందు అనేది ఆఖర్న, అది కూడా తాబేలు మూతికీ నీళ్ళకీ అందని చోట మాత్రమే.

డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉండే పేర్లు చదవడం అలవాటు చేసుకోండి. పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్, ఇలా "త్రిన్"తో అయిపోయేవి చాలావరకు ఒకే కుటుంబం, నరాల మీద పనిచేస్తాయి, చేపలైతే చాలా కొంచెం మందుకే చచ్చిపోతాయి, తాబేళ్ళకీ ప్రమాదమే. చీమల చాక్‌పీసుల్లో ఎక్కువగా ఉండేది ఇదే సరుకు, ప్లగ్‌లో పెట్టే దోమల లిక్విడ్‌లో ఉండే ట్రాన్స్‌ఫ్లూత్రిన్ కూడా ఇదే బాపతు. దోమల కాయిల్ పొగ, కలరా ఉండల వాసన, కర్పూరం నూనె, టీ ట్రీ ఆయిల్, ఇవేవీ తాబేలున్న గదిలో వద్దు, "నేచురల్" అని రాసినంత మాత్రాన ఏదీ సేఫ్ అయిపోదు. తాబేలుకి మనలాగా డయాఫ్రం లేదు, గట్టిగా దగ్గి ఊపిరితిత్తుల్లోకి పోయినదాన్ని బయటికి నెట్టలేదు, కాబట్టి పొగయినా పొడయినా లోపలికి పోతే అక్కడే ఉండిపోతుంది.

ఎక్కువమందికి తట్టని సంగతి ఇంకొకటి ఉంది, ఎయిర్ పంపు. అది గదిలో గాలిని పీల్చి సన్నటి పైపు గుండా నేరుగా నీళ్ళలోకి బుడగలుగా వదులుతుంది కదా, మరి గదిలో దోమల మందు వాసన ఉంటే ఆ గాలినే ఇరవైనాలుగు గంటలూ నీళ్ళలోకి పంపిస్తున్నట్టే. ట్యాంకు మీద గుడ్డ కప్పేశాం, ఇంకేం భయం లేదు అనుకునేవాళ్ళు ఆ పంపు ఎక్కడ కూర్చుందో ఒకసారి చూసుకోండి.

ఇక బొద్దింకలు. ఇవి తిండి లేకుండా చాలా రోజులు బతుకుతాయి కానీ నీళ్ళు లేకపోతే అంతకంటే ముందే పోతాయి, అందుకని కారే కుళాయి, సింకు కింద తడి, ఫిల్టరు పెట్టిన కబోర్డులో చెమ్మ, ముందు ఇవి సరిచెయ్యండి. ఫిల్టరు మోటారు దగ్గర వెచ్చగా, చీకటిగా, తడిగా ఉంటుంది, బొద్దింకకి అంతకన్నా ఏం కావాలి, కాబట్టి వారానికోసారి అక్కడ టార్చి వేసి చూడండి. తాబేలుకి పెట్టిన మేత అరగంట తర్వాత మిగిలితే తీసెయ్యండి, పెల్లెట్ల డబ్బాకి గట్టి మూత ఉండాలి. ఇంత చేసినా ఉంటే అప్పుడు జెల్ బెయిట్ (బొద్దింకలు తిని చచ్చే ముద్దలాంటి మందు) వాడొచ్చు, అది కూడా చిన్న చిన్న చుక్కలుగా కబోర్డు బందుల దగ్గర, గోడ పగుళ్ళ లోపల, ఎత్తులో, ఫ్రిజ్ కింద మాత్రం వద్దు, ఎందుకంటే నేల తాబేలు మొదట మూతి పెట్టేది అలాంటి చోటే. బోరిక్ పౌడర్ కూడా అంతే, మూసి ఉన్న సందుల్లో పల్చగా, నేల మీద గీతలు గియ్యకూడదు. మందు పెట్టిన రోజుల్లో పొద్దున్నే లేచి చచ్చిన బొద్దింకల్ని ఏరి పారెయ్యాలి, ఈ పని తప్పకుండా చెయ్యండి, కదలకుండా పడి ఉన్న పురుగంటే తాబేలుకి కష్టపడకుండా దొరికే మేత, దాని కడుపులో మందు ఇంకా ఉంటుంది. జిగురు ట్రాప్‌లు వాడితే సన్న రంధ్రాలున్న పెట్టెలో పెట్టి వాడండి, పిల్ల తాబేలు అంటుకుందంటే మాత్రం లాగకండి, వంటనూనె రాసి మెల్లగా వదిలించి, తర్వాత గోరువెచ్చటి నీళ్ళతో కడగండి.

చీమల్ని తేలిగ్గా తీసుకోకండి. గుడ్ల నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లల్ని, జబ్బుగా ఉన్నవాటిని చీమలు బతికుండగానే కొరుకుతాయి, కళ్ళ దగ్గర మొదలుపెడతాయి. సబ్బు నీళ్ళతో దారంతా తుడిస్తే వాసన పోయి మిగతా చీమలు దారి తప్పుతాయి, తర్వాత మంచినీళ్ళ గుడ్డతో ఇంకోసారి తుడవండి. ట్యాంకు స్టాండు కాళ్ళు నీళ్ళ గిన్నెల్లో పెట్టడం పాతకాలం పద్ధతే అయినా ఇప్పటికీ దానికి మించింది లేదు. బయట పుట్ట ఉంటే తాబేలు తిరిగే చోటికి దూరంగా ఉన్నప్పుడు మాత్రమే మరిగే నీళ్ళు పొయ్యండి.

దోమలకి నాకు బాగా నచ్చింది బీటీఐ, అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ అనే బ్యాక్టీరియా, బిళ్ళల్లాగానూ దొరుకుతుంది, పొడిలాగానూ దొరుకుతుంది. దోమ పిల్లలు దాన్ని తింటే వాటి పేగు దెబ్బతిని చస్తాయి, తాబేలుకీ చేపలకీ ఏం కాదు, ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం చెరువులో వేసుకోవచ్చు. వెచ్చటి రోజుల్లో గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం పదిరోజులు చాలు, కాబట్టి మొక్కల కుండీ ప్లేట్లు, బకెట్లు వారంలోపే ఒలకబోసెయ్యాలి. నీళ్ళు కదులుతూ ఉంటే దోమ గుడ్లు పెట్టదు, చిన్న పంపు చాలు. నీళ్ళ మీద కిరోసిన్ గానీ నూనె గానీ పొయ్యడం మాత్రం అస్సలు చెయ్యొద్దు, తాబేలు ఊపిరి తీసుకోడానికి మూతి పెట్టేది ఆ పొరలోంచే కదా. గదిలోకైతే కిటికీ మెష్, దోమల బ్యాటు, ఫ్యాను సరిపోతాయి.

తోటలో అన్నిటికంటే ప్రమాదం నత్తల మందు. మెటాల్డిహైడ్ గుళికలు నత్తని రప్పించడానికే చేస్తారు, తాబేలు కూడా వాటిని మేతే అనుకుంటుంది, పైగా నత్తలు దానికి ఇష్టమైన తిండి, మందు తిన్న నత్తని తాబేలు తింటే రెండు రకాలుగానూ నష్టమే. రాత్రిపూట టార్చి వేసుకుని చేత్తో ఏరెయ్యండి, విసుగొచ్చినా అదే మంచిది. పేనుబంకకి పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టండి, పిండినల్లిని పాత బ్రష్‌తో తుడిచెయ్యండి. గొంగళి పురుగులకి ఆ బాసిల్లస్ తురింజియెన్సిస్ (బీటీ) బ్యాక్టీరియాలోనే కుర్‌స్టాకీ అనే ఇంకో రకం ఉంటుంది. వేపనూనె కొడితే తాబేలు తినే మొక్కల మీద కాకుండా, చెరువులో పడకుండా చూసుకోండి, అందులో కలిపే సబ్బు నీళ్ళలో ఉండే జీవాలకి మంచిది కాదు.

కొత్తగా నర్సరీ నుంచి తెచ్చిన మందార మొక్క ఆకులు వెంటనే పెట్టెయ్యకండి, ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు వేర్ల నుంచి ఆకుల్లోకి, పూలలోకి ఎక్కుతాయి, పైపైన ఎంత కడిగినా పోవు. మట్టి మార్చి, కొన్ని నెలలు పెరిగాక వచ్చిన కొత్త ఆకులు పెట్టండి, లేదంటే మేత మొక్కలు మీరే విత్తనం నుంచి పెంచుకోండి.

ఎలుకలకి విషం బిళ్ళలు వద్దే వద్దు, బ్రొమాడియోలోన్, జింక్ ఫాస్ఫైడ్ ఏదైనా సరే, ఎలుక ఎక్కడ చస్తుందో మన చేతిలో ఉండదు, ఆ కళేబరాన్ని తాబేలు కొరికే అవకాశం ఉంది. అలాగని ఎలుకల్ని వదిలెయ్యనూ కూడదు, చలికాలం నిద్రలో ఉన్న తాబేలు కాళ్ళు కొరికేస్తాయి, పాపం అది కదలను కూడా కదలలేదు. కన్నాలు స్టీల్ పీచు కూరి సిమెంటుతో మూసెయ్యండి, బోను పెడితే ఎలుక మాత్రమే దూరేంత కంతున్న పెట్టెలో పెట్టండి.

తాబేలు ఒంటి మీద పిడుదు కనపడితే సన్న పట్టకారుతో (ట్వీజర్) పిడుదు తల దగ్గర పట్టుకుని నెమ్మదిగా లాగండి, కుక్కలకి కొట్టే స్ప్రే వాడకండి. ఐవర్‌మెక్టిన్ తాబేళ్ళకి ప్రాణాంతకం, చాలా జంతువులకి మామూలుగా వాడే మందు కాబట్టి ఎవరైనా సలహా ఇచ్చినా సరే ఒప్పుకోకండి. గాయం ఉన్న తాబేలుని బయట ఉంచితే ఈగలు గుడ్లు పెడతాయి, మానేదాకా లోపలే ఉంచాలి.

చెదలకో మరి దేనికో పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలవక తప్పకపోతే, తాబేలుని గది మార్చడం కాదు, ఇల్లే మార్చండి, ఒకట్రెండు రోజులు ఎవరింట్లోనైనా ఉంచండి. పంపు, ఫిల్టరు ఆపి, ట్యాంకు ఖాళీ చేసి మూసి వెళ్ళండి, వచ్చాక కిటికీలు తెరిచి నేల తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి, కొత్త నీళ్ళు పోశాకే దాన్ని తీసుకురండి.

కాళ్ళు వణకడం, తల నిలపలేకపోవడం, నోట్లో నురగ, ఒక పక్కకి ఒరిగి ఈదడం, ఇవి కనపడితే మంచి గాలిలోకి తీసుకెళ్ళి, ఒంటి మీద మందు పడి ఉంటే గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, సరీసృపాలు చూసే డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్ళండి. వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకండి. తాబేలు ఒంట్లో అన్నీ నెమ్మదిగా జరుగుతాయి, లక్షణాలు ఆలస్యంగా బయటపడొచ్చు, కాబట్టి మందు మింగిందని తెలిస్తే బాగానే ఉంది కదా అని ఆగకుండా అదే రోజు చూపించండి, వెళ్ళేటప్పుడు మందు డబ్బా కూడా తీసుకెళ్ళండి, పేరు చూస్తే డాక్టరుకి ఏం చెయ్యాలో తెలుస్తుంది.