ఇంటి మొత్తానికి మట్టి ఫిల్టరు: ఎలా ఎంచుకోవాలి, ఎలా మార్చాలి?

షవరు రంధ్రాలు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. వాషింగ్ మెషీన్ పైపు మొదట్లో ఉండే చిన్న జల్లెడ ఇసుకతో నిండి నీళ్లు ఎక్కవు. ఫ్లష్ ట్యాంకు వాల్వు కింద ఒక రేణువు ఇరుక్కుంటే రాత్రంతా నీరు కారుతూనే ఉంటుంది. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే ఇళ్లలో ఇవి మామూలే. ఇంటి ప్రధాన పైపుకు నీటిలోని ఇసుకనూ మట్టినీ ఆపే సెడిమెంట్ ఫిల్టరు (మట్టి ఫిల్టరు) బిగిస్తే ఈ బాధలు చాలావరకు తప్పుతాయి. అయితే ఎంత సన్నని ఫిల్టరైతే అంత మంచిదన్న మాట నమ్మి నేరుగా 5 మైక్రాన్లది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కొంటే, పై అంతస్తు కొళాయిలో ధార కాస్తా చుక్కలవుతుంది. కొనే ముందు తెలియాల్సినవి రెండు: నీటిలో ఉన్నది ఏ రకం మట్టి, పైపులో ఒత్తిడి ఎంత.

1. సీసాలో నీళ్లు పట్టి చూడండి

మోటారు వేసిన వెంటనే ఒక తెల్లని గాజు సీసా నిండా నీళ్లు పట్టి కదపకుండా ఉంచండి. కొన్ని క్షణాల్లోనే అడుగున చేరింది ఇసుక. గంటల మీద మెల్లగా దిగేది ఒండ్రు. మర్నాటికి కూడా నీరు పాలిపోయినట్టు మబ్బుగానే ఉంటే అది బంకమట్టి. దాని రేణువులు సాధారణంగా 2 మైక్రాన్ల కన్నా చిన్నవి కాబట్టి 5 మైక్రాన్ల ఫిల్టరులోంచీ జారిపోతాయి. అలాంటి నీటిని సంపులోనే పటికతో తేర్చుకోవాలి. పల్లెల్లో కుండ లోపల చిల్లగింజను అరగదీసి బురద నీటిని తేర్చేది కూడా ఈ బంకమట్టి కోసమే.

పట్టినప్పుడు తేటగా ఉండి కొన్ని గంటల తర్వాత ఎర్రబారితే అందులో కరిగిన ఇనుము ఉంది. దానికి వేరే ఫిల్టరు కావాలి. ఉప్పదనం, ఫ్లోరైడ్, గీజరులో తెల్లగా పేరుకునే సున్నం కూడా నీటిలో కరిగి ఉండేవే. మట్టి ఫిల్టరు వాటిని ఆపలేదు, సూక్ష్మజీవులనూ చంపలేదు. నల్గొండ వైపు బోరు నీళ్లు ఫిల్టరు దాటి ఎంత తేటగా వచ్చినా, ఫ్లోరైడ్ పరీక్ష చేయించకుండా తాగకూడదు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మబ్బుదనం 1 ఎన్‌టీయూ (మబ్బుదనాన్ని కొలిచే ప్రమాణం) లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేనప్పుడు 5 వరకు అనుమతిస్తారు. అదే ప్రమాణం ఫ్లోరైడ్‌కు లీటరుకు 1 మిల్లీగ్రాము హద్దుగా పెట్టి, గత్యంతరం లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటుంది.

2. ఒత్తిడి లెక్క వేయండి

మన ఇళ్లలో చాలావాటికి నీళ్లు మేడ మీది ట్యాంకు నుంచి వాటి బరువుతోనే దిగుతాయి. ట్యాంకులో నీటి మట్టం కొళాయికి ఎంత ఎత్తున ఉంటే అంత ఒత్తిడి, మీటరుకు సుమారు 0.1 బార్ (ఒత్తిడి కొలత). పై అంతస్తు షవరుకు 2 మీటర్ల ఎత్తున నీరుంటే వచ్చేది 0.2 బార్ మాత్రమే. 5 మైక్రాన్ల ఫిల్టరును ప్రెషర్ పంపుతో 2, 3 బార్ల మీద నడిచే ఇంట్లో పెడితే తేడా తెలియదు. ట్యాంకు ధార మీద మాత్రం 5 మైక్రాన్లది కొద్దిగా మురికి పట్టగానే నీళ్లు నిలిచిపోతాయి. పంపు లేని ఇళ్లకు 50 నుంచి 100 మైక్రాన్ల మధ్య ఎంచుకోవడమే తెలివి. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఆ స్థాయిలోనే ఇసుకలో ఎక్కువ భాగం ఆగిపోతుంది.

పరిమాణంలో పిసినారితనం వద్దు. సన్నని 10 అంగుళాల హౌసింగులో (ఫిల్టరు గిన్నె, దాని పై మూత) పట్టే కాట్రిడ్జ్ (లోపలి వడపోత గొట్టం) వ్యాసం రెండున్నర అంగుళాలు. దుకాణాల్లో జంబో అని అడిగితే ఇచ్చే 20 అంగుళాల దానిలోనిది నాలుగున్నర. అంటే మురికి పట్టే పైతలం దాదాపు మూడున్నర రెట్లు. పైపు అంగుళానిదైతే హౌసింగు ద్వారాలూ అంగుళానివే ఉండాలి. ఆర్‌ఓ యంత్రం ముందు పెట్టే పావు అంగుళం ద్వారాలున్న బుడ్డి ఇంటికంతటికీ పనికిరాదు.

3. ఎక్కడ పెట్టాలి?

ట్యాంకు నుంచి ఇంట్లోకి దిగే పైపు మీద పెట్టండి. బోరు మోటారు నుంచి ట్యాంకుకు ఎక్కే పైపు మీద జంబో బిగించవద్దు. ఫిల్టరు మూసుకుపోతే మోటారు తోసే నీటికి దారి ఉండదు. ఒత్తిడి హౌసింగు పరిమితిని దాటితే గిన్నె పగులుతుంది, మోటారూ వేడెక్కుతుంది. ఆ పైపు మీద ఇసుక ఆపాలంటే జాలీ ఫిల్టరు లేదా వ్యవసాయ డ్రిప్ పనికి వాడే డిస్క్ ఫిల్టరు పెట్టి, రోజూ కడగాలి.

సంపు ఉన్న ఇంటికి మరో సదుపాయం ఉంది. నీళ్లు అక్కడ తేరుకోనిచ్చి, ఫుట్ వాల్వును (మోటారు నీళ్లు పీల్చే పైపు చివరి వాల్వు) అడుగు నుంచి జానెడు ఎత్తున ఉంచితే ఫిల్టరుకు పని సగం తగ్గుతుంది. ఫిల్టరు బిగించే ముందు సంపునూ ట్యాంకునూ కడిగించడం మరచిపోకండి.

హౌసింగుకు రెండు వైపులా బాల్ వాల్వులు, పక్కన ఒక బైపాస్ పైపు (ఫిల్టరును తప్పించి నీళ్లు పోయే దారి) పెట్టించండి. ప్లంబర్ వద్దంటాడు, వినకండి. ఎండ తగిలే చోట పారదర్శకమైన గిన్నె పెడితే లోపల పాచి పడుతుంది. నీలం రంగుది కొని, దాని మీద కూడా నీడ ఉండేలా చూడండి. హౌసింగు తల (పై మూత) మీద ఉన్న బాణం గుర్తు నీరు పారే దిశలోనే ఉండాలి. స్పన్ కాట్రిడ్జ్ (సన్నని ప్లాస్టిక్ పోగులతో చేసినది) బయటి నుంచి లోపలికి పోను పోను చిక్కనవుతుంది. హౌసింగును తిరగేసి బిగిస్తే కొద్ది రోజుల్లోనే మూసుకుపోతుంది.

4. కాట్రిడ్జ్ మార్చడం

తెల్లని స్పన్ చవకది, కడిగి వాడేది కాదు. బ్రష్షుతో రుద్దితే పైన తెల్లబడుతుంది కానీ లోపలి మురికి అక్కడే ఉంటుంది. కడుగుతూ వాడుకోవాలంటే మడతల పాలిస్టర్ లేదా స్టీలు జాలీ రకం కొనాలి.

మార్చే రోజు కొత్త కాట్రిడ్జ్‌తో పాటు అదే కొలత ఓ-రింగ్ (కారకుండా ఆపే రబ్బరు రింగు), కొంచెం సిలికాన్ గ్రీజు, హౌసింగు స్పానర్, ఒక బకెట్ దగ్గర పెట్టుకోండి. రెండు వాల్వులూ మూసి, బైపాస్ తెరవండి. తల మీది ఎర్ర బటన్ నొక్కి లోపలి ఒత్తిడి వదలండి. ఇది వదలకుండా స్పానర్ పట్టుకుంటే గిన్నె కదలదు, కదిలితే మీరు తడిసిపోతారు. బకెట్ కింద పెట్టి, స్పానర్ పిడి మీ వైపు ఉండేలా వేసి ఎడమకు తిప్పండి. పట్టు సడలాక చేత్తో తిప్పి దించండి. నీళ్లతో నిండిన జంబో గిన్నె బరువుగా ఉంటుంది, రెండో చేయి అడుగున ఉండాలి.

పాత ఓ-రింగ్ ఒక్కోసారి తలకే అంటుకుని ఉంటుంది. అది గమనించక కొత్తది వేస్తే రెండూ కలిసి కారడం మొదలవుతుంది. గిన్నెను సబ్బు నీళ్లతో, మెత్తని గుడ్డతో కడగండి. యాసిడ్ వాడకండి. దారాల దగ్గర వెంట్రుకవాసి పగులు కనిపించినా గిన్నెను పక్కన పెట్టాల్సిందే. ఓ-రింగుకు సిలికాన్ గ్రీజు పలచగా రాసి గాడిలో మెలిక లేకుండా కూర్చోబెట్టండి. వాజిలిన్ రాస్తే కొన్ని రబ్బర్లు ఉబ్బిపోతాయి. కొత్త స్పన్ మీది ప్లాస్టిక్ తొడుగు పూర్తిగా తీసి, అడుగున ఉన్న బొడిపె మీద నిటారుగా నిలపండి. పై కొన కూడా తలలోని బొడిపెలో కూర్చోవాలి, లేకపోతే నీరు పక్క నుంచి వడకట్టకుండానే పోతుంది. గిన్నెను చేత్తోనే బిగించండి, చివర స్పానర్‌తో కొద్దిగా చాలు.

లోపలికి వచ్చే వాల్వును సగం తెరిచి, ఎర్ర బటన్ నొక్కి పట్టుకోండి. గాలి బుసబుసమని పోయి నీరు చిమ్మగానే వదిలేయండి. బైపాస్ మూసి, రెండో వాల్వు తెరవండి. మొదటి రెండు బకెట్ల నీళ్లు మొక్కలకు పోయండి. పొడి కాగితంతో అంచు చుట్టూ తుడిచి చూస్తే సన్నని కారుడైనా తెలిసిపోతుంది.

5. మళ్లీ ఎప్పుడు?

ప్రెషర్ పంపు ఉంటే ముందూ వెనకా గేజీలు పెట్టించుకోండి. తేడా 0.5 బార్ దాటితే మార్చాలి. ట్యాంకు ధార ఉన్న ఇంట్లో గేజీ ముల్లు కదలదు కాబట్టి బకెట్టే గేజీ. కొత్తది వేసిన రోజు, ట్యాంకు నిండా ఉన్నప్పుడు, ఒక కొళాయి కింద బకెట్ నిండడానికి పట్టిన సెకన్లు హౌసింగు పక్క గోడ మీద తేదీతో సహా మార్కరుతో రాయండి. అదే కొళాయి, అదే బకెట్, నిండు ట్యాంకు. సమయం ఒకటిన్నర రెట్లయితే మార్చే వేళయింది. నీరు బాగానే వస్తున్నా ఆరు నెలలకు మించి ఉంచకండి.

వారం తిరగకుండానే స్పన్ ఇసుకతో నిండిపోతుంటే ఇంకా పెద్ద ఫిల్టరు కొనడం డబ్బు దండగ. బోరు కేసింగ్ (బోరు గుంతలో దింపే గొట్టం) గట్టి రాయి దాకా దిగలేదేమో, మోటారు మరీ అడుగున వేలాడుతోందేమో బోరు మెకానిక్‌తో చూపించండి. మోటారును కొన్ని అడుగులు పైకి లేపితేనే ఇసుక తగ్గిన బోర్లు ఉన్నాయి.