తాటాకు ఇంటిని నీటిరంగుల్లో వేయాలంటే

రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, ఇంగ్లండ్‌లో నేషనల్ గ్యాలరీ డైరెక్టర్ కెన్నెత్ క్లార్క్ చిత్రకారులకు ఒక పని అప్పజెప్పాడు. బాంబులకో కొత్త కట్టడాలకో పోయేలోపు పాత పల్లె ఇళ్లను, కొట్టాలను, వీధులను నీటిరంగుల్లో దాచిపెట్టాలి. ఆ పనికి 'రికార్డింగ్ బ్రిటన్' అని పేరు. పదిహేను వందలకు పైగా బొమ్మలు తయారయ్యాయి. అవిప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

మా ఒంగోలు పిల్లలకు డ్రాయింగ్ నేర్పేటప్పుడు నేను ఇదే చెబుతాను: కొత్తపట్నం వైపు తాటాకు ఇల్లు కనబడితే ఉన్నది ఉన్నట్టు వేయండి. ముందు "అమ్మా, మీ ఇల్లు బొమ్మ వేసుకుంటాం" అని అడిగి కూర్చోండి. పొద్దున్నే వెళ్లాలి. ఒక గోడ ఎండలో, పక్క గోడ నీడలో కనబడే చోటు చూసుకోవాలి.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు, అంటే మందపాటిది) ఉండాలి, అట్టకు నాలుగువైపులా టేపు వేయాలి. మన సముద్రపు గాలికి, ఎండకు రంగు ఇట్టే ఆరిపోతుంది. అందుకే కావలసినదానికంటే ఎక్కువ రంగు ముందే కలిపి పెట్టుకోండి.

అసలు కష్టమంతా కప్పు దగ్గరే. పాత తాటాకు గోధుమరంగులో ఉండదు, బూడిదరంగుకు తిరుగుతుంది. అల్ట్రామెరైన్ బ్లూ అనే ముదురు నీలంలో బర్న్ట్ సియెన్నా అనే ఎర్రగోధుమ రంగు కలిపితే ఆ బూడిద వస్తుంది. పలచగా పూసి, ఆరాక, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో కొప్పు నుంచి చూరు దాకా కిందికి లాగాలి. ఆకు ఆకూ గీస్తే కప్పు చాపలా కనబడుతుంది. చూరు అంచు మాత్రం చింపిరిగానే వదలండి. దాని కింద పడే నీడే ఇంటిని నిలబెడుతుంది. అక్కడ నలుపు వాడొద్దు, అదే మిశ్రమాన్ని చిక్కగా కలపండి. వాకిలి మీద పడిన ఎండ నీడలోకి కొంచెం ఎగదన్నుతుంది కాబట్టి అడుగున సియెన్నా కాస్త ఎక్కువ వేయాలి.

మట్టి గోడకు యెల్లో ఓకర్ అనే పసుపు మట్టిరంగు చాలు. సున్నం పట్టీకి, ముగ్గుకు తెల్లరంగు అక్కర్లేదు, కాగితాన్నే ఖాళీగా వదలాలి. పెన్సిల్‌తో ముందే గుర్తు పెట్టుకోండి.

కప్పు మీద నీలం పట్టా ఉంటే అదీ వేయండి, డిష్ ఉంటే అదీ. అందం కోసం తీసేస్తే, రేపు చూసేవాళ్లకు ఆ ఇల్లు ఎలా బతికిందో తెలియదు. వెనకవైపు పెన్సిల్‌తో ఊరు, తేదీ, కప్పు చివరిసారి ఎప్పుడు నేశారో ఇంటివాళ్లనడిగి రాయండి. ఫ్రేము కట్టించాక ఎండ పడే గోడకు తగిలించొద్దు, రంగు వెలిసిపోతుంది.