హైతీకి పరిచర్యకు వెళ్ళేవాళ్ళకు ఒక ఒంగోలు నర్సు చెప్పే జాగ్రత్తలు

"అక్కా, హైతీకి పరిచర్యకు వెళ్దామనుకుంటున్నాం, ఏం తీసుకెళ్ళాలి?" అని ఏడాదికి నలుగురైదుగురు ఫోన్ చేస్తారు. సామాను సంగతి తర్వాత. నేను ముందు అడిగేది ఒకటే: మిమ్మల్ని రమ్మన్నది ఎవరు? "దేవుడు పిలిచాడక్కా" అంటారు. పిలిచే ఉంటాడు, కాదనను. కానీ అక్కడ గేటు తీసే మనిషెవరు? ఫలానా ఊళ్ళో ఫలానా పాస్టర్ గారు, ఫలానా పని కోసం, ఫలానా నెలలో రమ్మన్నారని చెప్పగలిగితే మిగతాది మాట్లాడుకుందాం. చెప్పలేకపోతే ఆ టికెట్ డబ్బులు అక్కడ పనిచేసేవాళ్ళకు పంపించి ఇంట్లో ప్రార్థన చేసుకోండి. నిష్ఠూరంగా ఉన్నా అదే నా సలహా.

నేను పుట్టింది ఒంగోలు దగ్గర, ఉద్యోగం అమెరికాలో. 2016 నుంచి 2019 వరకు కరీబియన్ దీవుల్లోని హైతీలో, ఉత్తరాన, కాప్ హైషియన్ నుంచి మట్టిరోడ్డు మీద గంటన్నర పోతే వచ్చే ఊళ్ళో, చర్చి నడిపే చిన్న క్లినిక్‌లో చేశాను. ఇవన్నీ ఆ మూడేళ్ళలో దెబ్బలు తిని నేర్చుకున్నవే.

ముందు భద్రత. అమెరికా ప్రభుత్వం "వెళ్ళవద్దు" అనే దేశాల జాబితాలో హైతీ ఉంది, ఊరికే పెట్టలేదు. 2021 అక్టోబర్‌లో అనాథాశ్రమం చూసి తిరిగొస్తున్న 17 మంది మిషనరీలను, పిల్లలతో సహా, ఒక ముఠా ఎత్తుకుపోయింది. చివరివాళ్ళు బయటపడేసరికి డిసెంబర్ అయింది. 2024 నవంబర్‌లో రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్ దగ్గర మూడు అమెరికా విమానాలకు తుపాకీ గుళ్ళు తగిలాయి. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. హైతీలో భారత రాయబార కార్యాలయం లేదు, పక్క దేశం డొమినికన్ రిపబ్లిక్‌లో ఉన్నవాళ్ళే ఇదీ చూసుకుంటారు. 2024 మార్చిలో గొడవలు ముదిరినప్పుడు మన ప్రభుత్వం మొదట 12 మందిని హెలికాప్టర్లో అక్కడికే చేర్చింది. ఆ పనికి పెట్టిన పేరు ఆపరేషన్ ఇంద్రావతి. మన గోదావరిలో కలిసే ఇంద్రావతే. టీవీలో ఆ పేరు వినగానే నాకు గొంతు పట్టేసింది. రాజధాని వైపు వెళ్ళకండి. ఉత్తరానికైనా సరే, స్థానిక పాస్టర్ "ఈ వారం వద్దు" అంటే ఎందుకని అడక్కుండా ఆగిపోండి.

చేరాక మొదటి పాఠం పలకరింపు. ఎవరింటికి వెళ్ళినా గేటు బయట నిలబడి "ఓనె!" అని కేకెయ్యాలి. గౌరవం అని అర్థం. లోపలినుంచి "రెస్పె!" అని వస్తుంది, అప్పుడే అడుగు పెట్టాలి. మన పల్లెల్లో "వందనాలండీ" అన్నాకే గడప దాటినట్టు. పన్నెండు దాటితే "బోన్జూ" అనకూడదు, "బోన్‌స్వా" అనాలి. పన్నెండున్నరకు బోన్జూ అన్నందుకు ఆరేళ్ళ పిల్ల నన్ను సరిదిద్దింది. ఫ్రెంచ్ వస్తే ఆఫీసుల్లో పనికొస్తుంది, కానీ జబ్బు, ఏడుపు, ప్రార్థన అన్నీ జనం ఇళ్ళల్లో మాట్లాడుకునే క్రెయోల్‌లోనే. వెళ్ళేముందు మూడు నెలలైనా రోజుకో అరగంట నేర్చుకోండి.

మిమ్మల్ని "బ్లాన్" అంటారు. మాటకు తెలుపు అని అర్థమే కానీ, వాడుకలో పరదేశి ఎవరైనా బ్లానే. నేను కారునలుపు. పెళ్ళిచూపుల్లో మా అత్తగారు "పిల్ల కాస్త చామనఛాయ" అని సర్దిచెప్పుకున్న రంగు. అలాంటి నా వెనక పిల్లలు "బ్లాన్! బ్లాన్!" అని పరిగెత్తుతుంటే, ఆవిడ వింటే ఎంత బావుండునో అనుకున్నాను. కోపం తెచ్చుకోవద్దు. నర్సునని తెలిశాక "మిస్" అన్నారు, ఆ తర్వాత అదే నా పేరు.

బట్టల విషయంలో మనవాళ్ళకు చెప్పక్కర్లేదు కానీ, అమెరికాలో పెరిగిన పిల్లలకు చెప్పాలి. ఆదివారం అక్కడ ఇస్త్రీ మడత నలగని చొక్కా, పాలిష్ చేసిన బూట్లు. నీళ్ళు మోసుకొచ్చి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మడత తీసిన బట్టలవి. అక్కడ మనం నిక్కరు, టీషర్టు వేసుకుని ముందు వరసలో కూర్చుంటే పైకేమీ అనరు. మనసులో అనుకుంటారు.

డబ్బుతో నేను మొదటి వారమే బోల్తా పడ్డాను. బజార్లో అవకాడోలమ్మే ఆమె "పది డాలర్లు" అంది. నేను అమెరికా పదినోటు తీసిచ్చాను. ఆమె నోటునీ నన్నూ మార్చి మార్చి చూసి, పక్కామెను పిలిచి చూపించి, ఇద్దరూ కడుపుబ్బ నవ్వి, నోటు నా చేతిలోనే పెట్టింది. అక్కడి డబ్బు గూర్డ్. హైతీ డాలర్ అంటే అయిదు గూర్డ్‌లు. అలాంటి నోటు ఎక్కడా ఉండదు, లెక్క మాత్రం నోటిమీద ఉంటుంది. మన పెద్దవాళ్ళు ముప్పావలా, అర్ధరూపాయి అని అణాల లెక్క వదలనట్టే. ధర విన్నప్పుడల్లా "గూర్డా, డాలరా?" అని అడగండి.

నీళ్ళు. 2010 అక్టోబర్‌లో కలరా వచ్చింది. తెచ్చింది ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరం మురుగు. సాయానికి వచ్చినవాళ్ళే రోగం తెచ్చారన్నది అక్కడ ఎవరూ మర్చిపోలేదు, మీరూ మర్చిపోకండి. 2022లో మళ్ళీ వచ్చింది. వాసన లేని మామూలు బ్లీచ్ అయితే లీటరు తేట నీళ్ళకు రెండు చుక్కలు వేసి, అరగంట ఆగి తాగండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు అయిపోతే లీటరు శుభ్రమైన నీళ్ళలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి. కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు కాబట్టి ఇన్వర్టర్ బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ చూడడం ప్రసంగం తయారుచేసుకోవడం అంత ముఖ్యం. ఇన్సులిన్ ఫ్రిజ్ ఆగిపోతే ఆ రాత్రి మీకు నిద్ర ఉండదు.

క్లినిక్‌లో పనిచేసేవాళ్ళకు ఒక్కటి చెప్తాను. ఒకామెకు మోకాళ్ళ నొప్పులకు మాత్రలిచ్చి "రోజుకు మూడుసార్లు, అన్నం తిన్నాక" అని చెప్పాను. పక్కనున్న అమ్మాయి క్రెయోల్‌లో చక్కగా చెప్పింది, ఆమె తలూపింది. వారం తర్వాత నొప్పి తగ్గలేదని వచ్చింది. చేతిరుమాలు ముడి విప్పితే మాత్రలు మూడింట రెండొంతులు అలాగే ఉన్నాయి. "వేసుకోలేదేమమ్మా?" అంటే, "తిన్నప్పుడల్లా వేసుకున్నాను మిస్" అంది. ఆమె తినేది రోజుకొకసారి. నాకు నోట మాట రాలేదు. ఆ రోజునుంచి నేను రోగిని అడిగే మొదటి ప్రశ్న జబ్బు గురించి కాదు, "నిన్న ఎన్నిసార్లు తిన్నారు?" అని.

ఇక ఇవ్వడం. ఎక్కువమంది చెడిపోయేది ఇక్కడే, నేనూ అక్కడే చెడ్డాను. మా చర్చివాళ్ళు ప్రేమగా మూడు సూట్‌కేసుల నిండా పిల్లల చెప్పులు పంపారు. పికప్ బండి వెనక తలుపు దించి, ప్రార్థన చేసి పంచడం మొదలుపెట్టాను. చెప్పులు ఎనభై జతలుంటే వచ్చినవాళ్ళు మూడొందల పైన. అయిదు నిమిషాల్లో తోపులాట. చివరికి ఒక పిల్లాడి చేతిలో ఎడమ చెప్పు, ఇంకొకడి చేతిలో దాని కుడి చెప్పు మిగిలాయి. ఇద్దరూ ఇవ్వరు. ఇద్దరూ ఏడుపు. పాస్టర్ గారు ఆ రోజు నన్ను ఏమీ అనలేదు. శనివారం సంతకు తీసుకెళ్ళి, చెప్పులమ్మే ఒకామెను చూపించారు. మా సండేస్కూల్ టీచరే. "ఈ వారం బేరం లేదు" అన్నారు, అంతే.

బియ్యం కథా ఇదే. 1995లో దిగుమతి సుంకం మూడు శాతానికి దించాక అమెరికా బియ్యం వచ్చిపడింది, హైతీలో వరి పండే అర్తిబోనీత్ లోయ రైతు చితికిపోయాడు. ఆ తగ్గింపు వెనకున్న అప్పటి అమెరికా అధ్యక్షుడు క్లింటనే 2010లో అది తప్పని ఒప్పుకున్నాడు. డెల్టా రైతు బిడ్డలకు ఇంతకన్నా వివరించక్కర్లేదు.

కాబట్టి వస్తువు అక్కడే కొనండి. ఎవరికివ్వాలో సంఘపెద్దలు తేలుస్తారు, ఇచ్చే చెయ్యి కూడా వాళ్ళదే. మీరు పక్కన కూడా నిలబడొద్దు. వీలైతే దానం కాదు, కూలి ఇవ్వండి. ఇది నా తెలివి కాదు, మా ఊరిది. 1876లో మొదలైన కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. తిండి కోసం మతంలోకి వస్తారేమోనని కరువు పోయేదాకా బాప్తిస్మాలు ఆపాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారన్నది అందరూ చెప్పుకుంటారు. అంతకుముందు ఆగిన ఏడాదికి పైబడిన కాలాన్ని ఎవరూ చెప్పుకోరు. మా నాయనమ్మ మాత్రం కాలువ గురించే చెప్పేది.

ప్రసంగించే అవకాశం వస్తే హైతీ పేదరికం శాపం వల్ల అనే మాట నోట రానివ్వకండి. బానిసలు తిరగబడి 1804లో తెచ్చుకున్న దేశం అది. 1825లో ఫ్రాన్స్ యుద్ధనౌకలు పంపి 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం రాయించుకుంది. తర్వాత తగ్గించినా, దాని కోసం చేసిన అప్పులు 1947 దాకా తీరలేదు. వినేవాళ్ళకు ఈ చరిత్ర మీకన్నా బాగా తెలుసు.

అనాథాశ్రమాల్లో ఫోటోలు వద్దు. ఆ పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. ఫీజు కట్టలేక చేర్చినవాళ్ళే ఎక్కువ. ఒక పిల్లాడి స్కూలు ఫీజు, యూనిఫాం ఖర్చు స్థానిక సంఘం చేత తల్లికి అందేలా చూస్తే వాడు ఇంట్లోనే ఉంటాడు.

ఇప్పుడు సామాను. తలకు కట్టుకునే టార్చి, దోమతెర, గొడుగు, మంచి బూట్లు, ఒక ఇస్త్రీ జత. మలేరియాకు అక్కడ ఇప్పటికీ క్లోరోక్విన్ పనిచేస్తుంది, మీ డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి. ఆవకాయ చిన్న సీసా చాలు. క్యాబేజీ, మంట పుట్టించే మిరపకాయ వెనిగర్‌లో ఊరేసిన పిక్లీజ్ అలవాటైతే ఆవకాయ గుర్తురాదు. సూట్‌కేసు సగం ఖాళీగా ఉంచుకోండి, తిరిగొచ్చేటప్పుడు వాళ్ళు పెట్టేవి ఉంటాయి. నాకు ఆ మోకాళ్ళ నొప్పులామె మాంబా రెండు సీసాలు ఇచ్చింది. వేరుశనగ గింజలు వేయించి మిరపకాయతో నూరుతారు. వద్దనడానికి నోరు తెరిచాను, పాస్టర్ గారు నా కాలు తొక్కారు. తీసుకున్నాను. ఇడ్లీలోకి భేషుగ్గా ఉంది.