ప్రయాణం తర్వాత నులిపురుగుల మాత్ర: వేసుకునే ముందు తేదీ చూసుకోండి

దూరప్రయాణం నుంచి తిరిగిరాగానే, సంచులు విప్పుతూనే, ముందుజాగ్రత్తగా ఒక నులిపురుగుల మాత్ర వేసుకునే అలవాటు చాలామందికి ఉంది. నాకూ కొన్నేళ్ల పాటు ఉండేది. మాత్ర వేసుకున్నాం కనుక కడుపు శుభ్రమైపోయిందన్న ధీమా అది. అయితే ఇంటికి చేరిన రోజున వేసుకున్న మాత్ర చాలా సందర్భాల్లో వృథా అవుతుంది. లోపం మందులో లేదు, వేసుకున్న తేదీలో ఉంది.

ఏలికపాము సంగతి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కడగని ఆకుకూరతోనో, మురికి చేతులతోనో కడుపులోకి వెళ్లిన గుడ్డు పేగులో పగిలిన తర్వాత, అందులోని పిల్లపురుగు అక్కడే స్థిరపడదు. పేగు గోడను తొలుచుకుని రక్తంలోకి ప్రవేశించి, కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు చేరి, అక్కడ పది నుంచి పద్నాలుగు రోజులు పెరిగి, శ్వాసనాళం వెంట గొంతులోకి పాకి, గుటకతో పాటు తిరిగి పేగులోకి దిగుతుంది. గుడ్డు నోట్లోకి వెళ్లిన నాటి నుంచి ఆ పురుగు పెరిగి పెద్దదై తాను గుడ్లు పెట్టేసరికి రెండు మూడు నెలలు గడుస్తాయి. కొంకిపురుగు దారి వేరు. అది మట్టిలో చెప్పులు లేకుండా నడిచేవారి పాదాల చర్మం గుండా లోపలికి వస్తుంది, కానీ అదీ ఊపిరితిత్తుల మీదుగానే పేగుకు చేరుతుంది. నులిపురుగుల మాత్రలో సాధారణంగా ఉండే ఆల్బెండజోల్ అనే మందు పురుగు శరీరకణాల నిర్మాణాన్ని దెబ్బతీసి, అది చక్కెరను పీల్చుకోకుండా చేసి, ఆకలితో చంపుతుంది. ఈ మందు రక్తంలోకి చేరేది స్వల్పం, పనిచేసేది ప్రధానంగా పేగులోనే. కాబట్టి మనం మాత్ర మింగే సమయానికి ఊపిరితిత్తుల్లో ఉన్న పిల్లపురుగులు చాలావరకు తప్పించుకుని, ఆ తర్వాత తీరిగ్గా పేగులోకి దిగుతాయి.

అందువల్ల మొదట చేయవలసిన పని మందు కొనడం కాదు, ఒక కాగితం తీసుకోవడం. దాని మీద ఆ ప్రాంతాన్ని విడిచిన తేదీ రాసి, దాని పక్కనే మూడు నెలల తర్వాతి తేదీ కూడా రాయండి. కింద ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి: ఎన్ని రోజులు ఉన్నారు? చెప్పులు లేకుండా మట్టిలో నడిచారా? నదిలోగాని, చెరువులోగాని, సరస్సులోగాని దిగారా, దిగితే ఏ తేదీన? పచ్చి చేపలు, సగం ఉడికిన మాంసం తిన్నారా? మరుగుదొడ్లు సరిగా లేని చోట పనిచేశారా? ఈ కాగితాన్ని వైద్యుడి దగ్గరకు తీసుకువెళితే, పది నిమిషాల సంభాషణలో తేలనిది రెండు నిమిషాల్లో తేలుతుంది.

జవాబులన్నీ ‘లేదు’ అయి, వారం పది రోజులు వసతిగృహంలో ఉండి వచ్చినవారికి, ఏ లక్షణమూ లేకపోతే, సాధారణంగా ఏ మాత్రా అవసరం ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు ఏటా నులిపురుగుల మాత్రలు వేయించమంటోంది కదా అని కొందరు అడుగుతారు. ఆ సూచన పిల్లల్లో కనీసం 20 శాతం మందికి ఈ పురుగులు ఉన్న ప్రాంతాలకు సంబంధించినది. అక్కడ రోజూ కొత్తగా పురుగులు సోకుతూ ఉంటాయి, ఒక్కొక్కరికీ పరీక్ష చేయడం కన్నా అందరికీ మాత్ర వేయడమే సులువు. ఒకసారి వెళ్లి వచ్చిన ప్రయాణికుడి లెక్క వేరు, అతనికి పరీక్ష చేయించుకునే వీలుంది.

పరీక్షకూ తేదీ ముఖ్యమే. పురుగు గుడ్లు పెట్టడం మొదలుకాకముందు మలపరీక్ష చేయిస్తే, కడుపులో పురుగులున్నా ఏమీ లేనట్టే ఫలితం వస్తుంది. గుడ్లు రోజూ ఒకేలా బయటపడవు కనుక, వేర్వేరు రోజుల్లో తీసిన మూడు నమూనాలు ఇవ్వడం మంచిది. నమూనాను శుభ్రమైన పొడి డబ్బాలోకే తీసుకోవాలి, మూత్రంగాని నీళ్లుగాని కలవనివ్వకూడదు, డబ్బా మీద తేదీ, సమయం రాసి వీలైనంత త్వరగా ప్రయోగశాలకు అందించాలి. దీంతో పాటు రక్తంలో ఇసినోఫిల్ అనే తెల్లరక్తకణాల సంఖ్య చూపించుకోవాలి. మైక్రోలీటరుకు 500 దాటితే ఎక్కడో పురుగు ఉందేమోనని అనుమానించాలి, అయితే ఉబ్బసం, అలర్జీలు ఉన్నవారిలో కూడా ఇది పెరుగుతుంది. షిస్టోసోమా, స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగులకు మలపరీక్ష కన్నా రక్తంలో ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) చూసే పరీక్ష నమ్మదగినది. దాన్నీ మూడు నెలల తర్వాతే చేయించాలి.

ఇక మందు విషయం. అన్నిటికీ పనికొచ్చే మాత్ర ఒకటి ఉందన్న భ్రమను ముందుగా వదులుకోవాలి. ఏలికపాములకూ కొంకిపురుగులకూ ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి సాధారణంగా సరిపోతుంది. కొరడా ఆకారంలో ఉండే పురుగు మొండిది, దానికి మూడు రోజులు ఇస్తారు. చర్మం గుండా వచ్చే స్ట్రాంగిలాయిడిస్‌కు ఐవర్‌మెక్టిన్ మేలు, శరీర బరువులో కిలోకు 200 మైక్రోగ్రాముల లెక్కన దాని మోతాదు నిర్ణయిస్తారు. బద్దెపురుగులకు, మంచినీటి నత్తల ద్వారా వ్యాపించే షిస్టోసోమాకు ప్రాజిక్వాంటెల్ వాడతారు. లేత షిస్టోసోమా పురుగులను ఈ మందు సరిగా చంపలేదు. కాబట్టి సరస్సులో ఈతకొట్టిన వారంలోనే దాన్ని వేసుకోవడం కూడా తొందరపాటే. జియార్డియా, అమీబా అసలు పురుగులే కావు, అవి ఏకకణ జీవులు. వాటికి టినిడజోల్, మెట్రోనిడజోల్ వంటి వేరే మందులుంటాయి. ప్రయాణంలో వచ్చే విరేచనాలకు ఎక్కువగా బాక్టీరియాయే కారణం, అవి రెండు వారాలు దాటినా తగ్గకపోతేనే ఈ జీవులను ప్రధానంగా అనుమానించాలి.

‘ఒక్క మాత్రే కదా, ఏమవుతుంది’ అన్న మాట అందరికీ వర్తించదు. గర్భవతులు, గర్భం ఉందేమోనన్న అనుమానం ఉన్నవారు ఆల్బెండజోల్‌ను సొంతంగా వేసుకోకూడదు. ఎప్పుడైనా కారణం తెలియని మూర్ఛ వచ్చినవారు, చర్మం కింద గట్టి గడ్డలున్నవారు ముందుగా వైద్యుడికి చెప్పాలి. పంది బద్దెపురుగు తిత్తులు మెదడులో ఉంటే, అవి మందుకు చచ్చేటప్పుడు చుట్టూ వాపు వచ్చి మూర్ఛకు దారితీయవచ్చు. ఆల్బెండజోల్‌కూ ప్రాజిక్వాంటెల్‌కూ ఈ ప్రమాదం ఉంది. మధ్య ఆఫ్రికా అడవి ప్రాంతాల్లో ఉండి వచ్చినవారు లోవా లోవా అనే పురుగు లేదని రక్తపరీక్షలో తేలేవరకు ఐవర్‌మెక్టిన్ ముట్టుకోకూడదు. ఆ పురుగు పిల్లలు రక్తంలో విపరీతంగా ఉన్నప్పుడు ఈ మందు మెదడుకు తీవ్రమైన హాని చేస్తుంది. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవారికి ప్రాజిక్వాంటెల్ ఇవ్వరు. మూర్ఛకు మందులు వాడేవారు ఆ సంగతి తప్పక చెప్పాలి.

వైద్యుడు వేసుకోమన్నాక పని సులభమే. ఆల్బెండజోల్ మాత్రను భోజనం తర్వాత నమిలి మింగవచ్చు. చిన్నపిల్లలకైతే పొరమారకుండా పొడిచేసి నీళ్లతో కలిపి ఇవ్వాలి. ఒకటి నుంచి రెండేళ్ల మధ్య పిల్లలకు పెద్దల మోతాదులో సగం, అంటే 200 మిల్లీగ్రాములు ఇస్తారు. ఆ రోజు కాస్త కడుపునొప్పి, వికారం, తలనొప్పి ఉండవచ్చు. తర్వాతి రోజుల్లో మలంలో జానెడు పొడవున్న పురుగు కనిపిస్తే భయపడనక్కర్లేదు, మందు పనిచేసిందన్నమాట. ఏ పురుగూ కనిపించకపోయినా మందు పనిచేయలేదని అర్థం కాదు. రాత్రిపూట మలద్వారం దగ్గర దురద పెట్టే సన్నని తెల్ల పురుగులకు మాత్రం రెండు వారాల తర్వాత రెండో మోతాదు అవసరం, ఇంట్లో అందరూ ఒకేసారి వేసుకోవాలి.

మూడు నెలల గడువు లక్షణాలు లేనివారికే. జ్వరం, మలంలో రక్తం, ఆయాసం, తగ్గని విరేచనాలు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఆ రోజే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. మలేరియా ఉన్న ప్రాంతం నుంచి వచ్చాక వచ్చే జ్వరాన్ని పురుగుల లెక్కలో వేసి కూర్చోకూడదు.

స్ట్రాంగిలాయిడిస్‌కు మాత్రం గడువు ఎప్పటికీ ముగియదు. అది మనిషి శరీరంలోనే పదేపదే పునరుత్పత్తి చెందుతూ, ఏ లక్షణమూ లేకుండా దశాబ్దాల పాటు ఉండగలదు. ఉబ్బసానికో, కీళ్లవాతానికో స్టెరాయిడ్ మొదలుపెట్టినప్పుడు అదుపు తప్పి ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలదు. అందుకే ఆ కాగితాన్ని పారేయకండి. ఇరవై ఏళ్ల తర్వాతైనా, స్టెరాయిడ్ రాయబోతున్న వైద్యుడికి అది ముందుగా చూపించండి.