క్వీన్స్‌లో ఇల్లు కొనబోయేవారికి: పేట కన్నా ముందు చూసుకోవలసినవి

న్యూయార్క్‌లో కుదురుకుని క్వీన్స్‌లో ఇల్లు చూడటం మొదలుపెట్టిన తెలుగువారు ఏజెంటును సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న: "మనవాళ్లు ఎక్కువగా ఎక్కడ ఉంటారు?" ఏజెంటు నవ్వి మాట మార్చేస్తాడు. తెలియక కాదు, చెప్పకూడదు కనుక. 1968 నాటి ఫెడరల్ చట్టం, ఆపైన రాష్ట్ర, నగర చట్టాలు జాతి, మతం, పుట్టిన దేశం చూసి కొనుగోలుదారుని ఫలానా వీధి వైపు నడిపించడాన్ని నిషేధించాయి. "మీకు అక్కడ బాగుంటుంది" అని కాస్త ఉత్సాహంగా చెప్పినా అతని లైసెన్సుకు ముప్పే. కాబట్టి ఆ సంగతి మీరే తిరిగి చూసుకోవాలి. ఒక శనివారం సాయంత్రం, ఒక పనిదినం ఉదయం ఆ వీధిలో నడిస్తే ఎవరుంటున్నారో, ఏ దుకాణాలున్నాయో, విమానాల మోత ఎంతో అన్నీ తెలుస్తాయి. విమానాల మాట ఊరికే అనలేదు. లగార్డియా, కెన్నెడీ రెండు విమానాశ్రయాలూ క్వీన్స్‌లోనే ఉన్నాయి. గాలి వాటాన్ని బట్టి రన్‌వే మారుతుంది. మీరు చూడటానికి వెళ్లిన రోజున నిశ్శబ్దంగా ఉన్న ఇంటి మీదుగానే మర్నాడు వరసగా విమానాలు దిగవచ్చు.

నిజానికి క్వీన్స్‌లో సగానికి దగ్గరగా విదేశాల్లో పుట్టినవారే ఉన్నారు. ఏ పేటకు వెళ్లినా మీరు మరీ కొత్తవారు కారు. ఫ్లషింగ్‌లో, బౌన్ వీధిలో 1977 జులై 4న ప్రతిష్ఠ జరిగిన గణేశాలయం ఉంది. లోపల వేంకటేశ్వరుడూ ఉన్నాడు, కింద దోసెల క్యాంటీన్ ఉంది. చుట్టుపక్కల చైనా, కొరియా కుటుంబాలు ఎక్కువ. జాక్సన్ హైట్స్‌లో 74వ వీధి నిండా మన సరుకుల కొట్లు, నగల దుకాణాలు. రైళ్లూ అక్కడే ఎక్కువ. ఇళ్లు మాత్రం చాలావరకు పాత కో-ఆప్ అపార్ట్‌మెంట్లు (అవేమిటో కింద చెబుతాను). తూర్పున నగరపు అంచుకు వెళితే ఫ్లోరల్ పార్క్, బెల్‌రోజ్, గ్లెన్ ఓక్స్. హిల్‌సైడ్ అవెన్యూ వెంట భారతీయ కొట్లు, పెరడున్న ఇళ్లు, తల్లిదండ్రులు వెతుక్కునే 26వ స్కూల్ డిస్ట్రిక్ట్. సబ్‌వే మాత్రం అంత దూరం రాదు. ఆఫీసుకు బస్సో లాంగ్ ఐలాండ్ రైలో దిక్కు. 2025 వేసవిలో క్వీన్స్ బస్సు దారులను చాలావరకు మార్చేశారు. పాత ప్రకటనల్లో, పాత సలహాల్లో కనిపించే బస్సు నంబర్లను నమ్మకండి.

పేటల గురించి ఇంతకన్నా చెప్పను. ఎందుకంటే క్వీన్స్‌లో ఏ పేట అన్నది రెండో ప్రశ్న. ఏ రకం ఇల్లు అన్నది మొదటిది. మనవాళ్లలో చాలామంది దీన్ని తలకిందులుగా చూస్తారు.

ఇక్కడ అమ్మకానికి కనిపించేవి స్థూలంగా మూడు రకాలు: కో-ఆప్, కాండో, విడి ఇల్లు. కాండో అంటే హైదరాబాదులో, విజయవాడలో మనం కొనే ఫ్లాటు లాంటిదే. మీ పేరున దస్తావేజు ఉంటుంది, పన్ను మీరే కడతారు. కో-ఆప్‌లో మీకు ఇల్లు రాదు. భవనమంతా ఒక కంపెనీది. అందులో మీరు వాటాలు కొంటారు, ఆ వాటాల మీద మీ అపార్ట్‌మెంటులో ఉండే హక్కు లీజుగా వస్తుంది. పరిమాణం ఒకటే అయినా కో-ఆప్ ధర కాండో కన్నా బాగా తక్కువగా కనిపించడానికి కారణం ఇదే. చవక అని సంబరపడే ముందు దాని వెనక ఉన్న షరతులు చదవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన షరతు అద్దెకిచ్చే విషయం. చాలా కో-ఆప్‌లు మొదటి రెండేళ్లు అద్దెకివ్వనివ్వవు. ఆ తర్వాత కూడా బోర్డు అనుమతితో, పరిమిత కాలమే. కొన్ని అసలే ఒప్పుకోవు. గ్రీన్‌కార్డు వరసలో ఏళ్ల తరబడి నిలబడి, హెచ్-1బీ మీద ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆ లోగా మరో ఉద్యోగం దొరక్కపోతే సామాను సర్దుకోవాలి. కాండో అయితే తాళం ఏజెంటు చేతిలో పెట్టి అద్దెకిచ్చి వెళ్లవచ్చు. కో-ఆప్ అయితే ఖాళీ ఇంటికి నెలనెలా మెయింటెనెన్స్ కడుతూ, ఇండియా నుంచి బేరాలు చూసుకోవాలి. వీసా మీద ఉన్నవారు కో-ఆప్ జోలికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం. గ్రీన్‌కార్డు చేతికొచ్చి, పదేళ్లు కదలమని అనుకునేవారికి మాత్రం అంతకన్నా గిట్టుబాటు బేరం క్వీన్స్‌లో లేదు.

కో-ఆప్ బోర్డు అంటే ఆ భవనంలో ఉండేవారే. వారు అడిగే కాగితాల జాబితా కొండవీటి చేంతాడంత ఉంటుంది: రెండేళ్ల పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు నుంచి ఉత్తరం, మీ గుణగణాలు చెబుతూ స్నేహితులు రాసిన ఉత్తరాలు. అన్నీ చూశాక ఇంటర్వ్యూ. కొన్నాక మీ చేతిలో ఎంత మిగులుతుందన్నది వారికి ముఖ్యం. ఉన్నదంతా ఊడ్చి డౌన్ పేమెంట్‌లో పెట్టేవారిని వారు ఇష్టపడరు. కారణం చెప్పకుండా కాదనడం మామూలే. జాతి, మతం, పుట్టిన దేశం కారణంగా మాత్రం కాదనకూడదు. మీరూ వారిని పరీక్షించాలి. మీ లాయరు బోర్డు సమావేశాల మినిట్స్ చదువుతారు. బాయిలరు మార్చాలని మూడేళ్లుగా అనుకుంటున్నారా, పైకప్పు కారుతోందా, భవనం మీద ఉన్న అప్పు ఎప్పుడు తీరుతుంది అన్నవి అందులో బయటపడతాయి. ఇంటి నియమాలు కూడా చదవండి. చాలా పాత భవనాల్లో అపార్ట్‌మెంట్ లోపల వాషింగ్ మెషీన్ పెట్టుకోనివ్వరు. వంటగదిని జరపాలంటే కింది ఇంటివారి పడకగది మీదికి రానివ్వరు. తలుపు బయట చెప్పుల స్టాండు పెట్టినా నోటీసు వస్తుంది. గృహప్రవేశానికి పాలు పొంగించుకోవచ్చు కానీ, హోమం మాట ఎత్తితే మేనేజ్‌మెంటు కంపెనీ ముఖం చిట్లిస్తుంది.

విడి ఇంటికి వస్తే, "బేస్‌మెంట్ అద్దెకిస్తే సగం ఈఎంఐ వచ్చేస్తుంది" అనే మాట దగ్గర ఆగండి. దాని ఎత్తులో సగానికి పైగా వీధి మట్టానికి కింద ఉంటే నగర నిబంధనల్లో దానిని సెల్లార్ అంటారు. బేస్‌మెంట్ వేరు, సెల్లార్ వేరు. అనుమతి లేకుండా ఎవరినైనా అందులో ఉంచితే జరిమానా పడుతుంది, వారు అద్దె ఎగ్గొడితే కోర్టులో వసూలు చేసుకోవడమూ కష్టమే. సర్టిఫికెట్ ఆఫ్ ఆక్యుపెన్సీలో ఎన్ని కుటుంబాల ఇల్లని రాసి ఉందో నగర భవనాల శాఖ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. 1938కి ముందు కట్టిన ఇళ్లకు ఆ కాగితం లేకపోవచ్చు, అది తప్పు కాదు. ఇంటి మీదున్న ఫిర్యాదులూ, జరిమానాలూ అక్కడే కనిపిస్తాయి.

ఆ మాట దగ్గర ఆగమనడానికి ఇంకొక కారణం నీరు. 2021 సెప్టెంబర్ 1 రాత్రి ఐడా తుపాను వానకు క్వీన్స్‌లో నేల కింది ఇళ్లలో ఉంటున్న పలువురు మునిగి చనిపోయారు. అవన్నీ సముద్రపు ఒడ్డున ఉన్న ఇళ్లు కావు, మురుగు కాలువలు పట్టలేని వాన వీధుల్లోకి ఎగదన్నిన చోట్లు. ఫెడరల్ వరద పటంలో ఇల్లు సురక్షితమని ఉన్నంత మాత్రాన సరిపోదు. వాననీటి ముంపుకు నగరం వేరే పటం పెట్టింది, అదీ చూడండి. ఒకటి నుంచి నాలుగు కుటుంబాల ఇళ్లు అమ్మేవారు 2024 మార్చి నుంచి ఇంటి స్థితి, వరద చరిత్ర రాసి ఇవ్వక తప్పదు. అంతకు ముందు 500 డాలర్లు తగ్గించి తప్పించుకునేవారు. ఇన్‌స్పెక్షన్ రోజున బేస్‌మెంట్ గోడల అడుగున చూడండి. కొత్తగా రంగు వేసింది అక్కడొక్కచోటే అయితే ఎందుకో అడగండి.

ఖర్చుల సంగతి. ఇల్లు, కాండోల మీద అప్పు తీసుకుంటే నగరంలో మార్ట్‌గేజ్ రికార్డింగ్ పన్ను ఉంటుంది. 5 లక్షల డాలర్ల లోపు అప్పుకు మీ వాటా 1.8 శాతం, ఆ పైన 1.925 శాతం. అంటే 6 లక్షల అప్పుకు సుమారు 11,550 డాలర్లు. కో-ఆప్‌కు ఈ పన్ను లేదు. ధర 10 లక్షల డాలర్లు చేరితే మొత్తం ధర మీద 1 శాతం మాన్షన్ టాక్స్ కొన్నవారే కట్టాలి. అందుకే 9,99,000 అని ధర పెట్టిన ఇళ్లు అన్ని కనిపిస్తాయి. నగరంలో ఒకటి నుంచి మూడు కుటుంబాల ఇళ్లకు ఇంటిపన్ను లెక్కకట్టే విలువను ఏటా 6 శాతానికి, అయిదేళ్లకు 20 శాతానికి మించి పెంచకూడదు. ఫ్లోరల్ పార్క్‌లో వీధి దాటితే నగరం బయటి నాసౌ కౌంటీ. అక్కడ ఇంటిపన్ను బాగా ఎక్కువ, కానీ నగర ఆదాయపు పన్ను ఉండదు. రెండు జీతాల కుటుంబమైతే కాగితం మీద లెక్క వేసుకున్నాకే ఏ వైపు చవకో తేల్చండి.

అప్పు విషయంలో ఒక మార్పు గమనించండి. 2025 మే 25 నుంచి శాశ్వత నివాసం (గ్రీన్‌కార్డు) లేనివారికి ఎఫ్‌హెచ్‌ఏ రుణాలు, అంటే ఫెడరల్ ప్రభుత్వ హామీ ఉన్న ఇంటి రుణాలు, ఇవ్వడం లేదు. హెచ్-1బీ వారికి మామూలు కన్వెన్షనల్ రుణం మాత్రం దొరుకుతుంది.

ఊళ్లో స్థలం అమ్మి నాన్నగారు డబ్బు పంపుతామంటే ముందే తేదీలు చూసుకోండి. ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో పంపగలిగేది 2,50,000 డాలర్లు. 2025 ఏప్రిల్ నుంచి 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద అక్కడి బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. అది వారి ఆదాయపు పన్ను రిటర్నులో తిరిగి వస్తుంది కానీ, క్లోజింగ్ నాటికి, అంటే డబ్బు కట్టి ఇల్లు రాయించుకునే రోజుకి, చేతిలో ఉండదు. ఇక్కడి బ్యాంకు అది అప్పు కాదు, బహుమతి అని చెప్పే గిఫ్ట్ లెటరు అడుగుతుంది, సాధారణంగా రెండు నెలల స్టేట్‌మెంట్లలో కనిపించే పెద్ద జమలన్నిటికీ ఆధారం చూపమంటుంది. ఏడాదిలో లక్ష డాలర్లు దాటిన బహుమతికి మీరు పన్ను కట్టనక్కరలేదు, ఫారం 3520 మాత్రం వేయాలి. మరచిపోతే జరిమానా పెద్దది.

బేరం కుదిరింది కదా అని ఊళ్లో చెప్పేయకండి. న్యూయార్క్‌లో కాంట్రాక్టు మీద సంతకాలు పడేదాకా ఎవరూ ఎవరికీ కట్టుబడి ఉండరు. ఇన్‌స్పెక్షన్ ఆ లోపే చేయించుకోవాలి. కాంట్రాక్టు రాసేది లాయర్లు. సంతకం వేళ ఇచ్చే 10 శాతం డబ్బు అమ్మేవారి లాయరు దగ్గర ఎస్క్రో అనే విడి ఖాతాలో ఉంటుంది. ఏజెంటు చూపించిన లాయరు కాక మీ సొంత లాయరును పెట్టుకోండి. ఇంట్లో అద్దెకున్నవారు ఉంటే, క్లోజింగ్ నాటికి ఖాళీ చేసి అప్పగిస్తామని కాంట్రాక్టులో రాయించండి. నోటి మాట మీద నమ్మితే వారిని ఖాళీ చేయించే బాధ్యత మీ నెత్తిన పడుతుంది. దానికి నెలలు పడతాయి.

వాస్తు చూసేవారికి ఒక సులువు. క్వీన్స్‌లో అవెన్యూ, రోడ్, డ్రైవ్ అన్నవి ఎక్కువగా తూర్పు పడమరలుగా, స్ట్రీట్, ప్లేస్, లేన్ అన్నవి ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి. కాబట్టి తూర్పు ముఖం కావాలంటే స్ట్రీట్, ప్లేస్ అని ఉన్న చిరునామాలే చూడండి, సగం తిరుగుడు తప్పుతుంది. 45-57 లాంటి నంబరులో గీతకు ముందున్నది దగ్గరి అడ్డవీధి సంఖ్య. 60 అవెన్యూ, 60 రోడ్, 60 డ్రైవ్ పక్కపక్కనే ఉంటాయి. చుట్టాలకు చిరునామా పంపేటప్పుడు ఆ చివరి మాట వదిలేయకండి.

తాళాలు చేతికొచ్చాక స్టార్ పన్ను రాయితీకి రాష్ట్ర పన్నుల శాఖ వద్ద పేరు నమోదు చేసుకోండి. అయిదు లక్షల డాలర్ల లోపు ఆదాయం ఉండి, అందులోనే నివసిస్తున్న యజమానులకు, కో-ఆప్ వారికి కూడా, అది వస్తుంది. దస్తావేజు నకలు పంపుతామని డబ్బు అడుగుతూ ఉత్తరాలు వస్తాయి, చెత్తబుట్టలో వేయండి. ఏక్రిస్ అనే నగర రికార్డుల సైటులో అది ఉచితంగా దొరుకుతుంది. మీ ఇంటి మీద కొత్త కాగితం ఏదైనా నమోదైతే కబురు పంపే ఏర్పాటు కూడా అక్కడ ఉంది. ఇళ్లకు దొంగ దస్తావేజులు పుట్టించేవారు ఇక్కడా ఉన్నారు కనుక, ఆ ఏర్పాటులో పేరు నమోదు చేసుకోండి.