అమెరికాలో ఎంఎస్ చేస్తున్నారా? మొదటి నెలలోనే కెరీర్ సెంటర్‌కి వెళ్లండి

మనవాళ్లు ఉద్యోగం వేటంతా సీనియర్ల వాట్సాప్ గ్రూపుల్లోనే చేస్తారు, మీరు కట్టిన ఫీజులోనే ఉన్న కెరీర్ సెంటర్ (ఉద్యోగవేటలో సాయం చేసే యూనివర్సిటీ ఆఫీసు) వైపు మాత్రం చూడరు. నేనూ మూడో సెమిస్టర్‌లో టెన్షన్ పట్టుకున్నాకే వెళ్లాను, అప్పటికి సెప్టెంబర్ కెరీర్ ఫెయిర్ ఒకటి చేజారిపోయింది. మీరు అంతదాకా ఆగకండి.

ముందు హ్యాండ్‌షేక్ అనే విద్యార్థుల ఉద్యోగాల సైట్‌లో యూనివర్సిటీ మెయిల్‌తో లాగిన్ అయ్యి రెజ్యూమె రివ్యూకి అపాయింట్‌మెంట్ తీసుకోండి. నా రెజ్యూమె మూడు పేజీలు, పైన ఫోటో, నాన్నగారి పేరు, పుట్టినతేదీ, చివర్లో 'ఇవన్నీ నిజమని ప్రకటిస్తున్నాను' అనే డిక్లరేషన్. అడ్వైజర్ మేడమ్ ఎర్ర పెన్నుతో వాటన్నిటినీ కొట్టేసి ఒక్క పేజీకి తెచ్చారు.

తర్వాత మాక్ ఇంటర్వ్యూ, అంటే ప్రాక్టీస్ కోసం చేసే ఉత్తుత్తి ఇంటర్వ్యూ, ఇది అస్సలు వదలొద్దు. ప్రాజెక్ట్ గురించి అడిగితే నేను ప్రతి వాక్యంలో 'మేం చేశాం, మేం కట్టాం' అంటున్నాను. ఆవిడ ఆపి, "అందులో మీరు చేసిందేంటి?" అన్నారు. 'నేను' అంటే గొప్పలు పోతున్నట్టు అని చిన్నప్పటి నుంచి విన్నాం కదా, నోరు రాదు. అద్దం ముందు నిలబడైనా ప్రాక్టీస్ చేయండి.

వీసా సంగతులు మాత్రం కెరీర్ సెంటర్‌లో కాదు, ఇంటర్నేషనల్ ఆఫీసులో అడగండి. ఓపీటీ, అంటే చదివిన రంగంలో ఉద్యోగం చేసుకోవడానికి స్టూడెంట్ వీసా మీద ఇచ్చే అనుమతి, 12 నెలలు, కోర్సు ముగియడానికి 90 రోజుల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆ 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) డిగ్రీకి ఇంకో 24 నెలలు వస్తాయి, కానీ కంపెనీ ఈ-వెరిఫైలో, అంటే ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలో, ఉండాలి. ఫుల్‌టైమ్ సీపీటీ (చదువుతుండగానే కోర్సులో భాగంగా చేసే ఇంటర్న్‌షిప్‌కి అనుమతి) 12 నెలలు వాడేస్తే ఆ డిగ్రీకి ఓపీటీ పోయినట్టే. అప్లికేషన్‌లో స్పాన్సర్‌షిప్ (కంపెనీయే మీ వర్క్ వీసాకి దరఖాస్తు చేయడం) కావాలా అన్న ప్రశ్నకి నిజమే రాయండి.

నల్లజాతి ఇంజనీరింగ్ విద్యార్థులు 1975లో సొంతంగా నిలబెట్టుకున్న ఎన్‌ఎస్‌బీఈ (నేషనల్ సొసైటీ ఆఫ్ బ్లాక్ ఇంజనీర్స్) లాంటి సంఘాల్లో ఎవరైనా చేరొచ్చు, కాన్ఫరెన్సుల్లో కంపెనీలు అక్కడికక్కడే ఇంటర్వ్యూలు చేస్తాయి. ఉద్యోగం కోసమే కాదు, వాళ్ల మీటింగులకి కూడా వెళ్లండి, స్నేహం చేయండి.

లేని అనుభవం రెజ్యూమెలో పెడతామనే కన్సల్టెన్సీ ఫోన్ చేస్తే వెంటనే కట్ చేయండి, అది బయటపడితే ఉద్యోగంతో పాటు వీసా కూడా పోతుంది, ఇంటి దగ్గర తీసుకున్న అప్పు మాత్రం అలాగే ఉంటుంది.